నాలుగు గీతలు

మూడింటికల్లా వస్తానని రాసింది జయశీల. ఇప్పుడు రెండు దాటి ఎంతయిందో దేవదానానికి తెలియదు. చేతి గడియారం విప్పి కిటికీలో బోర్లించి పెట్టాడు. మిషన్ దగ్గర గడియారం విప్పెయ్యడం పోర్టు వర్కుషాపులో ఇరవై తొమ్మిదేళ్ళుగా ఉన్న అలవాటే, బోర్లించడం మాత్రం ఇవాళ్టిది. చొక్కా జేబులో ట్రంకు పెట్టె తాళంచెవి ఉంది. వంగినప్పుడల్లా అది జారబోతుంది, అతను అరచేత్తో ఆపుతాడు, మళ్ళీ లోపలికి తోస్తాడు. తీసి ఏ బల్ల మీదో పెట్టొచ్చు. పెట్టలేదు. "ఇక్కడ నన్ను పర్మనెంటు చేస్తామంటున్నారు, ట్రంకులోని సర్టిఫికెట్లు చూపించాలి, ఆదివారం ఆరాధన అవగానే భీమిలిలో బయల్దేరి మూడింటికల్లా వస్తాను, అయిదున్నర బస్సుకి వెళ్ళిపోవాలి, ట్రంకు తాళంచెవి మీ దగ్గరే ఉండిపోయింది," ఇన్‌లాండు కవరు మీద అయిదే వాక్యాలు, బడి పిల్లలకి నల్లబల్ల మీద రాసే గుండ్రటి అక్షరాలతో. కింద సంతకం. ఆ సంతకానికి ముందు ఒక చిన్న ఖాళీ ఉంది. ఏదో రాయబోయి మానేసినంత ఖాళీ. వారం రోజుల్నుంచి అతను ఉత్తరం కంటే ఆ ఖాళీనే ఎక్కువసార్లు చదివాడు.

ఎనిమిది నెలల తర్వాత ఇవాళే మిషన్ మీది టార్పాలిన్ తీశాడు. మల్కాపురంలో ఇంటి వెనక రేకుల షెడ్డు, అందులో సగం ఇనప పలకల్ని చదునుగా కోసే ఈ మిల్లింగ్ మిషనే. డెబ్భై ఎనిమిదిలో తుక్కు వేలంలో కొని ఎడ్లబండి మీద తెచ్చాడు. నిలువెత్తు ఇనప కాలమ్, దాని మీద ముందుకి వంగి చూస్తున్నట్టు హెడ్, కింద పొడుగాటి టేబులు, ఆ టేబుల్ని మోస్తూ కాలమ్ వెంబడి పైకీ కిందికీ జారే బరువైన దిమ్మ. ఆ దిమ్మని వర్కుషాపులో మోకాలు అంటారు. మొదటిసారి ఆ పేరు విన్నప్పుడు జయశీల నవ్వింది. "తలుంది, మోకాలుంది, కడుపొక్కటే లేదు. సుఖపడింది," అంది.  అప్పటికి పెళ్ళయి పదకొండేళ్ళు, పిల్లల కోసం మిషనరీల ఆసుపత్రి మెట్లు ఎక్కడం మానేసి రెండేళ్ళు. అతను అవసరం లేకపోయినా చెక్క సుత్తి తీసుకుని హెడ్డుని ఒకసారి తట్టాడు. ఆవిడ వెంటనే గీతలు కొలిచే గేజి ముల్లు చూసి "మూడు" అంది, అడగకపోయినా. ఆ మూడు అనే మాట ఇప్పుడు ఎంత కావాలనిపిస్తోందో. కష్టాన్ని కష్టమని అనకుండా ఒక అంకె చేసి అవతలి వాడి చేతిలో పెట్టడం అందరికీ రాదు.

హెడ్డు ఎటైనా వాలిందేమోనని ఎడమ వైపూ కుడి వైపూ చూసేశాడు. అది ఒక్కడూ చెయ్యగలిగిన పనే. గడియారంలా గుండ్రటి మొహమూ ముల్లూ ఉన్న డయల్ గేజ్‌ని హెడ్డులో తిరిగే స్పిండిల్‌కి తగిలించి, చేత్తో మెల్లగా తిప్పితే దాని చిన్న కాలు టేబుల్ మీద గుండ్రంగా తిరుగుతుంది. హెడ్డు నిటారుగా ఉంటే ముల్లు ఎటు తిప్పినా ఒకే చోట నిలబడాలి. ఒక గీత అంటే తల వెంట్రుకని ఏడు పాళ్ళు చేస్తే అందులో ఒక పాలు. ఎడమన సున్నా, కుడిన సున్నా. ముందుకి తిప్పాడు, సున్నా. ఇక వెనక్కి తిప్పాలి. వెనక్కి తిప్పేసరికి గేజి మొహం కాలమ్ వైపు తిరిగిపోతుంది, తిప్పేవాడికి దాని వీపు తప్ప ఏమీ కనబడదు. కాలమ్ పక్కన కిరసనాయిలు డబ్బా బోర్లించుకుని ఇంకో మనిషి కూర్చోవాలి, కూర్చుని చెప్పాలి. ఏడేళ్ళు ఆ డబ్బా మీద జయశీల కూర్చుంది. ఆమె కూర్చున్న చోట రేకు లోపలికి సొట్టపడి ఉంది. ఎర్రటి దుమ్ము ఆ సొట్టలో పేరుకుంది. ఓడరేవు వైపు నుంచి గాలి వీచిన రోజున ఇనప ఖనిజం ధూళి ఇళ్ళలోకి వస్తుంది, దుప్పట్ల మీదా, మంచినీళ్ళ బిందె మూత మీదా, ఆవిడ తెల్లచీరల మీదా. చీరలు దులుపుతూ విసుక్కునేది. ఇప్పుడు దండెం మీద రెండు ఖాకీ చొక్కాలే, వాటి మీద ధూళి ఉందో లేదో ఎవరూ చూడరు.

సాయంత్రాలు అతను డ్యూటీ నుంచి, ఆవిడ బడి నుంచి వచ్చాక ఇద్దరూ ఇక్కడ కూర్చునేవారు. అతను ఇవతల సుత్తి పట్టుకుని, ఆవిడ అవతల. మధ్య ఇనుము. ఒకరి మొహం ఒకరికి కనబడదు. "అయిదు." టక్. "నాలుగు." టక్. "మూడున్నర... ఆగండాగండి, మూడే." హాజరు పిలిచే గొంతే గాని అందులోంచి బడి తీసేస్తే మిగిలే గొంతు. సుత్తి దెబ్బకీ అంకెకీ మధ్య ఒక క్షణం ఉండేది, ముల్లు కుదుటపడే దాకా ఆవిడ ఊపిరి బిగపట్టేది, వదలడం అతనికి వినిపించేది. పక్క మీద కూడా అంత దగ్గరగా ఆవిడ ఊపిరి విన్నట్టు గుర్తులేదు. అన్నం దగ్గర మాటలుండేవి కావు, ఆదివారం చర్చికి వెళ్ళే దారిలోనూ ఉండేవి కావు, ఎవరైనా చూస్తే వీళ్ళు పోట్లాడుకున్నారేమో అనుకుంటారు. మాటలన్నీ ఇక్కడికి దాచుకునేవాళ్ళేమో, ఇక్కడా అంకెలే. ఇవాళ ఆరాధనలో మోకాళ్ళూని కళ్ళు మూసుకున్నప్పుడు పాస్టరుగారు ప్రార్థన చేస్తున్నారు, అతనికి మాత్రం చెవుల్లో "రెండు... ఒకటిన్నర... ఒకటి..." అని దిగుతూ వస్తున్న గొంతు. ఆడవాళ్ళ వైపు మూడో బెంచీలో ఆవిడ చోట ఎవరో కొత్తమనిషి కూర్చుంది. ఆ మనిషి మీద కోపం వచ్చింది, ఆమెన్ అన్నప్పుడు సిగ్గేసింది.

అసలు ఇవాళే ఎందుకు ఈ పని? మూడింటికి ఆవిడ వస్తుందని తెలిసీ ఇల్లు తుడవకుండా, పాలు తేకుండా, ఇక్కడ గ్రీజులో చేతులు ముంచుకుని. తనకి తాను చెప్పుకున్న కారణం, ఎనిమిది నెలల కిందట పని ఎందుకు చెడిందో, తప్పు ఎక్కడుందో ఆవిడ వచ్చేలోగా తేలిపోవాలి. కాలమే వెనక్కి వాలి ఉంటుందని అతని అనుమానం, అనుమానం కాదు, ఆశ. పాత మిషన్, బండి మీద ఈడ్చుకొచ్చిన మిషన్, నేల కుంగి ఉండొచ్చు, కాలమ్ కింద బోల్టులు వదులై ఉండొచ్చు. పాలపొడి డబ్బా రేకు కత్తిరించి సన్నటి ముక్కలు నాలుగు సిద్ధం చేసుకున్నాడు, కాలమ్ అడుగున దూర్చి నిలబెట్టడానికి. కాలమ్‌దే తప్పని తేలితే గుమ్మంలోనే చెప్పెయ్యొచ్చు, "కాలమ్ వాలింది జయా," అని. తప్పు నీది కాదు, నాది కాదు, ఇనుముది. ఇనుము ఎన్ని తప్పులైనా మోస్తుంది, నోరెత్తదు. ఆ మాట గుమ్మంలో ఎలా అనాలో పొద్దుట్నుంచి మూడు రకాలుగా అనుకున్నాడు. మూడు రకాల్లోనూ ఆవిడ మొహం ఎలా ఉంటుందో ఊహకి అందలేదు, గొంతు మాత్రమే అందింది. అది కూడా అంకెలు చెబుతోంది.

ఆ మాట జారిన రోజున ఆవిడ చేతిలో టీ గ్లాసులున్నాయి. ఆటోనగర్ నుంచి, పంపులు బిగించే సన్యాసిరాజు వచ్చాడు. పంపుసెట్టు ప్లేట్లు పన్నెండు చేసిచ్చాడు దేవదానం, సన్యాసిరాజు పన్నెండూ వెనక్కి తెచ్చి బల్ల మీద పేర్చాడు. ఒక ప్లేటు మీద గోరు పెట్టి గీశాడు. గోరు టకటక తగులుతూ పోయింది, ప్రతి కోతకీ ఒక మెట్టు. "ఏటి బావా ఇది? పిలేటా, ఇస్త్రీ సెయ్యని సొక్కాయా? పోర్టులో నీయంతోడు నేడని సెప్పుకు తిరుగుతన్నాను నాను. ఈటి మీద పంపు బిగిత్తే నీళ్ళు కన్నీళ్ళలాగ కారతన్నాయి." నవ్వుతూనే అన్నాడు, మంచివాడే, అతని వెంట వచ్చిన ఇంకో ఇద్దరు లేకపోతే దేవదానం కూడా నవ్వేవాడు. ఆ ఇద్దరూ ఉన్నారు. మొహం వేడెక్కింది. అప్పుడన్నాడు, "రీడింగ్ సెప్పేవోళ్ళకి కళ్ళు కనబడాపోతే నానేటి సేత్తాను?" అంటూనే గుమ్మం వైపు చూశాడు. ముందు చూసి ఉంటే అనేవాణ్ణి కాదనుకోవడం అబద్ధం. గ్లాసుల చప్పుడు విన్నాడు, ఆవిడ వచ్చిందని తెలుసు, తెలిసే అన్నాడు. ఎందుకన్నాడో ఈ ఎనిమిది నెలల్లో చాలాసార్లు వెతికాడు. వెతికిన చోటల్లా ఒకటే దొరికింది, మగాళ్ళ ముందు తన చేతిపని నిలబడాలి, దానికి ఆ క్షణాన ఏది అందితే అది కింద పెట్టి నిలబెట్టుకున్నాడు. ఆవిడ వచ్చి టీ గ్లాసులు బల్ల మీద పెట్టింది, ఒక్క చుక్క ఒలకలేదు. ఒక ప్లేటు తీసుకుని తనూ గోరు పెట్టి చూసింది. లోపలికి వెళ్ళిపోయింది.  పదిహేను రోజులకి భీమిలి బడిలో టీచరమ్మ పురిటికి వెళ్ళిందనీ, మూడు నెలలు తను వెళ్తాననీ చెప్పింది. మూడు ఎనిమిదయింది. ఇవాళ ట్రంకు తెరిస్తే ఎనిమిది జీవితమైపోతుంది.

రోడ్డు మీద బస్సు ఆగిన చప్పుడు. చెయ్యి ఆగింది. గేటు చప్పుడు కాలేదు. ఎవరిదో బస్సు.

గూట్లోంచి అద్దం తీశాడు. ఆవిడ చేతి అద్దం, భీమిలి వెళ్ళినప్పుడు మర్చిపోయిందో వదిలేసిందో. అంచు లోపల ఇంకా కాస్త పౌడరు ఇరుక్కుని ఉంది. మనిషి లేనప్పుడు గేజి వెనక మొహం చూడ్డానికి అద్దమే గతి. ఇబ్బందేమిటంటే అద్దంలో అంతా తిరగబడుతుంది, అంకెలు తిరగబడతాయి, ముల్లు కుడికి వెళ్తే ఎడమకి వెళ్ళినట్టుంటుంది. ఏడేళ్ళు సుళువుగా చెవిలో పడిన అంకెని ఇప్పుడు తిరగేసి, మళ్ళీ తిరగేసి చదువుకోవాలి. వంగి చూశాడు. ముందు గేజి కనబడలేదు, తన కన్నే కనబడింది. నలభై ఏడేళ్ళ కన్ను, తెల్లగుడ్డు మీద ఎర్రటి నరాలు, మూలన పుసి. కళ్ళు కనబడనిది ఎవరికి? అద్దం కొద్దిగా వంచాడు. ముల్లు. సున్నా. వెనక కూడా సున్నానే. అంటే కాలమ్ వాలలేదు. హెడ్డు సరిగ్గా ఉంది, కాలమ్ సరిగ్గా ఉంది, నాలుగు వైపులా సున్నా, ప్లేట్లు కోసే ముందు ఆవిడ చెప్పినట్టే. మరి మెట్లు ఎలా వచ్చాయి? రేకు ముక్కలు నాలుగూ బల్ల మీద ఉత్తినే మెరుస్తున్నాయి. గుమ్మంలో చెప్పాల్సిన మాట పోయింది.

ఇంకొంచెం దగ్గరగా చూద్దామని డబ్బా లాక్కుని కూర్చున్నాడు. ఏడేళ్ళలో ఆ డబ్బా మీద అతను కూర్చోవడం ఇదే మొదలు. ఇరుకు. మోకాళ్ళు కాలమ్‌కి తగులుతాయి, ఒక చేత్తో అద్దం పట్టుకుంటే రెండో చేతికి ఆసరా కావాలి, ఆ చెయ్యి దానంతటది వెళ్ళి ఒక కడ్డీ మీద పడింది. మిషన్ మోకాల్ని కాలమ్‌కి బిగించే కడ్డీ. అక్కడ కూర్చున్న మనిషికి చెయ్యి పెట్టుకోడానికి వేరే చోటు లేదు. ఒళ్ళు ముందుకి వాలి బరువు కడ్డీ మీద పడింది, కడ్డీ దిగింది, అద్దంలో ముల్లు కదిలింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నిలబడిపోయింది. అతను కడ్డీ వదులు చేశాడు. ముల్లు వెనక్కి నడిచి సున్నా దగ్గర ఆగింది. మళ్ళీ బిగించాడు. నాలుగు. ఈసారి ఊపిరి బిగపట్టినవాడు అతనే.

"ఏవండీ, ఇది బిగిస్తే ముల్లు కదులుతోంది." ఎప్పుడంది? ఒకసారి కాదు. "కిందటేడు రెండు కదిలేది, ఇప్పుడు నాలుగు." ఇంత స్పష్టంగా అందా, లేక ఇప్పుడు తను కల్పించుకుంటున్నాడా? కాదు, అంది. అతను జవాబు కూడా చెప్పాడు. "అది నీకెందుకు? ముట్టుకోకు. ముల్లు సూసి సెప్పు, సాలు." కడ్డీ వదులుగా ఉంచి కొలవడం తవిటయ్య మేస్త్రి నేర్పిన పని. పద్దెనిమిదేళ్ళ వయసులో పోర్టులో చేరినప్పుడు చెవి మెలిపెట్టి నేర్పాడు. "మోకాలు వదిలేసి సూడాలొరే. వదులుగా ఉన్నప్పుడే ఇనుము నిజం సెప్తాది. బిగిత్తే మొగమాటపడతాది." మేస్త్రి చేతికింద ఉన్నవి కొత్త మిషన్లు, బిగించినా వదిలినా ఒకటే. ఇది అరిగిపోయిన మిషన్. కోసేటప్పుడు ఎలాగూ బిగించే కోస్తారు. బిగించాక వెనక్కి కుంగే టేబుల్ని వదులుగా ఉన్నప్పుడు కొలిచి, సున్నా అనుకుని, పన్నెండు ప్లేట్లు కోశాడు. పోర్టులో తనంతటివాడు లేడు. ఏడేళ్ళూ ఆవిడ అరచేతి కిందే ఉంది ఆ నిజం. రెండు నాలుగవడం ఆవిడ ఒక్కతే చూసింది, చూసి చెప్పింది, చెప్పినందుకు అతను ముట్టుకోకు అన్నాడు.

మేస్త్రి ఇంకో మాట కూడా నేర్పాడు. ఇనుము పగలు ఒకలా, తెల్లారగట్ట చల్లబడ్డాక ఒకలా ఉంటుంది, అందుకని ఇవాళ సరిచేసింది రేపు పొద్దున్న మళ్ళీ చూసుకోవాలి, వేరేవాళ్ళు కాదు, "సూసిన కళ్ళే మళ్ళీ సూడాల." జయశీలకి ఆ మాట ఇష్టం. మేస్త్రి గొంతుతో అనేది. మర్నాడు బడికి వెళ్ళే ముందు, తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని వచ్చి డబ్బా మీద కూర్చునేది, సబ్బు వాసన ఇనుము వాసనలో కలిసేది. అతనికి ఇప్పుడు కావలసింది క్షమాపణ కాదేమో, ఆ తడి తువ్వాలు, ఆ పొద్దున్న. ఎనిమిది నెలల్లో ఒక్క పొద్దున్న కూడా మిషన్ దగ్గరికి రాలేదు అతను. చూసిన కళ్ళు లేవు.

గేటు చప్పుడయింది.

లేవబోయాడు, మోకాలు కాలమ్‌కి కొట్టుకుంది, మళ్ళీ కూర్చుండిపోయాడు. ఇంట్లోకి వెళ్ళిన అడుగులు, ఆగిన అడుగులు, పెరటి తలుపు. షెడ్డు గుమ్మంలో జయశీల నిలబడింది. భుజానికి గుడ్డ సంచి, తెల్లచీర మీద అప్పుడే పడిన ఎర్ర ధూళి, మనిషి చిక్కింది. ముక్కు మీద కళ్ళజోడు.

అతను డబ్బా మీద, చేతిలో ఆవిడ అద్దం. ఆవిడ ఒకసారి అతన్నీ, ఒకసారి డబ్బానీ చూసింది.

"నా కుర్చీ మీరు తీసుకున్నారేటి?" అంది.

"వచ్చీసావా. బస్సు..."

"జగదాంబ జంక్షన్లో బస్సు కోసం గంటన్నర నిలబడ్డాను. తాళంచెవి ఉందా?"

జేబులోంచి తీసి ఇచ్చాడు. ఇవ్వకుండా ఒక నిమిషం ఆపాలని వారం నుంచి అనుకున్నాడు, ఆ నిమిషంలో ఏం చెప్పాలో అనుకున్నాడు. చెయ్యి ముందే ఇచ్చేసింది. ఆవిడ తాళంచెవి పుచ్చుకుంది గాని కదల్లేదు. దాన్ని వేళ్ళ మధ్య తిప్పుతోంది.

"కళ్ళజోడెప్పుడు?" అన్నాడు.

"ఆగస్టులో. డాక్టరు అక్కర్లేదనే అన్నాడు. అక్షరాలన్నీ కింద వరస దాకా చదివీసాను. నేనే రాయమన్నాను." ఆగి, మామూలుగా అంది, "పిల్లల పుస్తకాలు దిద్దాలి కదా. తప్పు చూసి ఒప్పనుకుంటే పాపం వాళ్ళకేగా నష్టం."

అతను తల దించుకున్నాడు. గ్రీజు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కడ్డీ మీద పెట్టుకున్నాడు.

"నాలుగు గీతలు జయా," అన్నాడు. "బిగిత్తే నాలుగు కదుల్తంది. నువ్వు సెప్పినట్టే. నానే... నీ కళ్ళు కాదు."

షెడ్డు రేకుల మీద కాకి నడిచింది. దూరంగా ఓడ కూసింది, చాలాసేపు.

"ఎనిమిది నెలలు పట్టిందా, ఈ డబ్బా మీద కూర్చోడానికి?" అంది జయశీల.

"పట్టింది."

"ఇరుగ్గా ఉందా?"

"ఉంది."

"ఏడేళ్ళూ ఇలాగే ఉంది. లెగండి."

లేచాడు. ఆవిడ సంచి భుజాన్నుంచి తీసి గోడ మేకుకి తగిలించింది. కొంగుతో సొట్టలో ధూళి తుడిచి కూర్చుంది. తాళంచెవి టేబుల్ మీద పెట్టింది. కళ్ళజోడు తీసి, మడిచి, సంచిలో పడేసింది. చెయ్యి కడ్డీ మీది తన చోటికి తనే వెళ్ళింది.

"బిగించి చెప్పనా, బిగించకుండానా?"

అతను అవతలికి వెళ్ళాడు. ఇప్పుడు ఆవిడ మొహం కనబడదు. హెడ్డు నట్లు వదులు చేశాడు, సుత్తి తీసుకున్నాడు. 

"బిగించి."

కడ్డీ దిగిన చప్పుడు. "నాలుగు."

టక్.

"నాలుగే. భయపడుతున్నారా? కొంచెం గట్టిగా."

టక్. "మూడు." టక్. "రెండున్నర... ఆగండాగండి... రెండు." సుత్తికీ అంకెకీ మధ్య ఆ క్షణం, బిగిసిన ఊపిరి, వదిలిన ఊపిరి. చెయ్యి తేలిక చేసి కొట్టాలనిపించింది, పావు గీత చొప్పున, ఇంకా చిన్నగా, సున్నా వచ్చేస్తే ఆవిడ లేచిపోతుంది. అలా కొట్టలేదు. కొడితే ఆవిడకి తెలిసిపోతుంది. పని ఎలా చెయ్యాలో అలాగే చేశాడు. "ఒకటి." టక్. "అర." టక్.

"సున్నా."

నట్లు బిగించాడు. డయల్‌ని ముందుకీ పక్కలకీ తిప్పి చూశాడు, అటూ ఇటూ తట్టాడు, మళ్ళీ వెనక్కి తిప్పాడు. అతను అడక్కుండానే ఆవిడ కడ్డీ వదిలి, మళ్ళీ బిగించి, చూసింది. "సున్నాయే," అంది.

షిప్‌యార్డు అయిదింటి సైరన్ మోగింది. ఇద్దరూ దాన్ని మొదటి నుంచి చివరి దాకా విన్నారు. అయిదున్నర బస్సు కోసం రోడ్డు మీదికి నడవాలంటే ఇప్పుడు లేవాలి, ట్రంకు తియ్యాలంటే ఇంతకు ముందే లేవాల్సింది. అతను సుత్తి చెక్కపెట్టెలో పెట్టాడు, స్పానర్లు వరసగా పెట్టాడు, పెట్టినవి మళ్ళీ పెట్టాడు.

"పొద్దున్న భీమిలి వైపు బస్సు ఎన్నింటికి?" అంది ఇనుము అవతల్నుంచి.

"అయిదుంపావుకొకటి." ఆగాడు. "ఆరున్నరకి ఇంకోటుంది."

"అయిదుంపావుకి చీకటి. ముల్లేం కనబడుతుంది." తర్వాత మేస్త్రి గొంతుతో, కొంచెం బొంగురుగా, "సూసిన కళ్ళే మళ్ళీ సూడాల," అంది. ఆ గొంతు మధ్యలో ఒకచోట జారి ఆవిడ గొంతైపోయింది. "ఆరున్నర దానికెళ్తే బడి అందుకుంటాను."

లేచి, మూలన కుప్పగా పడి ఉన్న టార్పాలిన్ ఒక కొస పట్టుకుంది. రెండో కొస కోసం చూస్తూ నిలబడింది. అతను వచ్చి పట్టుకున్నాడు. ఎప్పటిలాగే ఇద్దరూ ఒకేసారి ఎత్తి, హెడ్డు మీద నుంచి దించి, కాలమ్ చుట్టూ లాగి, టేబుల్ మీద పరిచారు. టేబుల్ మీద తాళంచెవి ఉంది. ఇద్దరూ చూశారు. కప్పేశారు.